కొల్లేరు దస్త్రం: శాఖల నడుమ ఒక సరస్సు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కోటల గురించి, రాజుల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పై అయిదేళ్ళు కాగితాల మధ్య బతికినవాడికి ఏ సంగతైనా కాగితం వైపు నుంచే కనిపిస్తుంది. కనుక మన కొల్లేరు చరిత్రను ఆ వైపు నుంచే చెబుతాను. ఒక సరస్సు ఎన్ని శాఖల ఫైళ్ళలో ఉంటే అంతగా ఎలా కరిగిపోయిందో, ఆ శాఖలన్నీ ఒక్కసారి ఒకచోట కూర్చున్నప్పుడు ఏం జరిగిందో చెప్పడమే నా ఉద్దేశం.

కొల్లేరు ఎక్కడుందో మన జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. కానీ మన సభ్యుల పిల్లలు, మనుమలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నారు. వారి కోసం నాలుగు మాటలు. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ రెండు గూటాల్లా సముద్రంలోకి పెరిగితే, వాటి నడుమ మిగిలిపోయిన పల్లం కొల్లేరు. మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి ఇందులో కలుస్తాయి. ఇవి గాక అరవైకి పైగా చిన్నా పెద్దా కాలువలు, డ్రెయిన్లు వచ్చి పడతాయి. ఇన్ని నీళ్ళు లోపలికి వచ్చినా బయటికి పోవడానికి దారి ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు అరవై కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. పెద్ద వరద వచ్చినప్పుడు సరస్సులోకి లక్ష క్యూసెక్కులకు పైగా నీరు వస్తుందని ఇంజనీర్ల లెక్క. ఉప్పుటేరు మోయగలిగింది అందులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలిన నీరు నిలవడానికే కొల్లేరంత పల్లం కావాలి. ఈ ఒక్క లెక్క పట్టుబడితే తక్కిన కథంతా అర్థమవుతుంది.

కొల్లేటి విస్తీర్ణం ఎంత అని అడిగితే ఒక్క అంకె చెప్పడం కుదరదు. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తు వరకు, అంటే కాగితాల భాషలో ప్లస్ పది కాంటూరు వరకు నీరు నిండితే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ అయిదు దగ్గర అభయారణ్యంగా ప్రకటించినది 308 చదరపు కిలోమీటర్లు. ప్లస్ మూడుకు దిగితే 135 మాత్రమే. పల్లపు నేలలో ఒక్క అడుగు తేడా అంటే వేల ఎకరాలు. గత ముప్పై ఏళ్ళ తగాదా అంతా ఈ అడుగుల తగాదాయే. అయిదా, మూడా? మామూలు మనిషికి ఇది చాదస్తంలా వినిపిస్తుంది. భూమి రికార్డులు చూసినవారికి మాత్రం గుండె దడదడలాడుతుంది.

పాత చరిత్ర క్లుప్తంగా చెప్పి దాటేస్తాను. కొలను అనే మాటే కొల్లేరు పేరులో ఉంది. కొలను రాజధానిగా ఏలిన సామంతులు ఉండేవారు. విక్రమచోళుడు కొలను నేలే తెలుగు భీముణ్ణి ఓడించినట్టు చోళుల శాసనాలలో చెప్పుకున్నారు. ఇంతకన్నా నాకు ఆసక్తి కలిగించేది కొల్లేటికోట గురించి స్థానికులు చెప్పే కథ. నీటి నడుమ కోటలో ఉన్న గజపతుల రాజును శత్రువు పట్టుకోలేకపోయాడట. అప్పుడు శత్రు సేనాపతి ఒడ్డున చిగురుకోటలో విడిది చేసి, నీళ్ళు సముద్రంలోకి పోయేటట్టు ఉప్పుటేరు తవ్వించాడట. నీరు దిగాలని తన కూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే అక్కడి పాయకు పేరంటాళ్ళ కనుమ అని పేరు వచ్చిందంటారు. కథలో నిజమెంతో గానీ, కొల్లేటిని దించి గెలవాలనే ఆలోచన ఎంత పాతదో తెలుస్తుంది. మనవాళ్ళు ఆ పని కూతుర్ని బలి ఇవ్వకుండానే జీవోలతో చేశారు.

పందొమ్మిదో శతాబ్ది నడుమ ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కాటన్ దొర పుణ్యమా అని డెల్టా పచ్చబడింది. పొలాల మురుగునీరు ఎక్కడికో పోవాలి కదా! చాలా భాగం కొల్లేటికే చేరింది. వానాకాలంలో సముద్రంలా, వేసవికి మడుగుల్లా ఉండే సరస్సు మన రెండు డెల్టాలకు ఇంటి వెనుక పెరడు లాంటిదైంది. పెరట్లో ఏం పారబోసినా ఎవరూ అడగరు.

సరస్సు లోపల నలభైకి పైగా లంక గ్రామాలు, గట్టున మరెన్నో గ్రామాలు. లంకల్లో ఎక్కువమంది వడ్డెలు. తాటి దోనె మీద తిరగడం, వెదురు మావులు నీళ్ళలో పెట్టి చేపలు, రొయ్యలు పట్టడం వారి జీవనం. కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి, గొరక, మట్టగిడస ఇవన్నీ ఎవరూ పెంచకుండా పుట్టి పెరిగిన చేపలు. వేసవిలో నీరు తీసిన చోట దాళ్వా వరి వేసేవారు. ఒక ఏడు పండేది, ఒక ఏడు మునిగేది. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవల మీద వెళ్ళిన పాతకాలపు వారు మన సంఘంలో ఇంకా ఉన్నారు. మా అమ్మ కూడా ఒక్కసారి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో గాలి లేచినప్పుడు పడవలో పట్టుకున్న దండం ఒడ్డు చేరేదాకా వదల్లేదని చెప్పేది.

ఇక పక్షులు. శీతాకాలంలో ఉత్తరాది నుంచి, దేశాంతరాల నుంచి వచ్చే బాతులు, కొంగలు లెక్కకు మిక్కిలి. గూడబాతుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు చెట్ల మీద గుంపులుగా గూళ్ళు కట్టుకోవడం చూసి 1949లో ఒక వ్యాసం ప్రకటించారు. ఊరి మనుషుల మధ్యనే అవి పిల్లల్ని పెంచుకునేవి. తరువాతి కాలంలో ఆ చెట్లూ పోయాయి, గూళ్ళూ పోయాయి.

1964లో వచ్చిన వరదలు డెల్టాను ముంచిన తరువాత ప్రభుత్వం మిత్ర కమిటీని వేసింది. డ్రెయిన్లు బాగుచేయాలి, ఉప్పుటేరు దారి సరిచేయాలి అన్నది దాని సారాంశం. డబ్బు కోసం 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంత డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. పాత రెవెన్యూ వారికి గుర్తుండే ఉంటుంది. శిస్తుతోపాటు ఈ డ్రైనేజీ పన్ను డిమాండు కూడా రాసేవాళ్ళం. రైతు రసీదు తీసుకుంటూ, “పన్ను కడుతున్నాం సరే, మురుగు ఎప్పుడు దిగుతుందండీ?” అని అడిగేవాడు. దానికి రిజిస్టరులో కాలమ్ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొల్లేరు ఎవరిది? ఉద్యోగంలో ఉండగా ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు: అందరిదీ. నేల మీద హక్కు రెవెన్యూ శాఖది. నీరు, డ్రెయిన్లు, ఉప్పుటేరు గట్లు నీటిపారుదల వారివి. చేపలు, మత్స్యకారుల సంఘాలు మత్స్యశాఖవి. సంఘం రిజిస్ట్రేషన్, ఆడిట్ సహకార శాఖవి. పక్షులు అటవీశాఖవి. లంకలకు రోడ్డు వేస్తే పంచాయతీరాజ్, మోటారుకు కరెంటు ఇస్తే విద్యుత్ శాఖ. ఏలూరు, బెజవాడ మురుగునీరు పురపాలక సంఘాలది. మిల్లుల మురికినీరు కాలుష్య నియంత్రణ మండలిది. పైగా 2022 దాకా సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచబడి ఉండేది. అంటే పైన చెప్పిన ప్రతి శాఖకూ ఇద్దరేసి అధికారులు. ఒక్కో శాఖ దగ్గర ఒక్కో ఫైలు ఉంది. కొల్లేరు మొత్తం ఎవరి ఫైల్లోనూ లేదు.

దీని ఫలితం ఎలా ఉండేదో ఒక ఉదాహరణ చెబుతాను. శాఖల పేర్లు ఎందుకులెండి. ఒక డ్రెయిను మూతి దగ్గర ఎవరో కొత్తగా గట్టు పోశారని ఎగువ గ్రామస్థులు అర్జీ పెట్టుకున్నారు. మా ఆఫీసు దాన్ని ‘తగు చర్య నిమిత్తం’ ఒక కార్యాలయానికి పంపింది. వారు నేల తమది కాదని మరో కార్యాలయానికి ఎండార్స్ చేశారు. ఆ కార్యాలయం వారు గట్టు లోపల ఉన్నది చేపల చెరువు గనుక తమ పరిధి కాదన్నారు. మూడో కార్యాలయం, చెరువుకు తాము అనుమతి ఇవ్వలేదు గనుక అది తమ లెక్కలో లేదన్నది. లెక్కలో లేని చెరువును కొట్టేదెవరు? కాగితం పదకొండు నెలల తరువాత మొదట బయలుదేరిన బల్ల మీదికే వచ్చింది. అప్పటికి ఆ గట్టు మీద కొబ్బరి మొక్కలు పెరుగుతున్నాయి. ఇందులో ఏ గుమాస్తా అబద్ధం రాయలేదు. ఎవరి సమాధానం వారి మటుకు సక్రమమే.

గట్లు అసలు ఎలా వచ్చాయో చెప్పాలి. మొదలుపెట్టింది దొంగలు కాదు, ప్రభుత్వమే. 1976–77 ప్రాంతంలో జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, వరదలకు పంట పోయి నష్టపడుతున్న లంకల పేదలకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సు లోపలే చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. అప్పట్లో వందకు పైచిలుకు చెరువులు తవ్వారు. ఉద్దేశం మంచిదే. వరి మునిగినా చేప మునగదు కదా అన్నారు. బొచ్చె, శీలావతి పెంచడం లాభసాటి అయింది. 1980లు వచ్చేసరికి మంచు పెట్టెల లారీలు కైకలూరు, ఆకివీడుల నుంచి హౌరాకు బారులు తీరాయి. బెంగాలీ వారి పళ్ళెంలో కొల్లేటి చేప స్థిరపడింది. డబ్బు కనపడగానే దూరప్రాంతాల పెట్టుబడిదారులు దిగారు. సంఘం పేరు మత్స్యకారులది, లీజు మరొకరిది, లాభం ఇంకొకరిది. తన పేరు మీదున్న చెరువు గట్టునే కాపలా కూలీగా పనిచేసిన సంఘ సభ్యులు ఉన్నారు.

ఇదే సమయంలో మరొకటి జరిగింది. చరిత్ర రాసేవారు దీన్ని అంతగా పట్టించుకున్నట్టు లేదు. 1984 జనవరిలో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ సంస్కరణల మంచిచెడ్డల్లోకి నేను పోను. కానీ ఏ సర్వే నంబరులో ఏడాదికి ఎన్నాళ్ళు నీరు నిలుస్తుందో, ఎవరు ఎక్కడ సివాయి జమాబందీ సాగు చేస్తున్నారో నోటి లెక్కగా తెలిసినవారు వెళ్ళిపోయారు. రికార్డులు గోనె సంచుల్లో కొత్త ఆఫీసులకు చేరాయి. ఆక్రమణలకు బి-మెమోలు ఇచ్చే అలవాటు సన్నగిల్లింది. కొల్లేట్లో పొక్లెయిన్లు దిగిన రోజులు సరిగ్గా అవే. కరణాలు అందరూ హరిశ్చంద్రులని నేననను. కాని చూసే కన్ను ఒకటి లేకపోవడం, తవ్వే చెయ్యి రావడం ఒకేసారి జరిగాయి.

తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగోళశాస్త్ర ఆచార్యులు 2001 నాటి ఉపగ్రహ చిత్రం పరిశీలించి 2004లో ప్రకటించిన లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. సరస్సులో నూటికి 42 వంతులు చేపల చెరువులే. వాటి సంఖ్య వెయ్యికి పైమాటే. మిగిలిన నీటిలో చాలాభాగం గుర్రపుడెక్క, కిక్కిస. నీరు పారే దారులు మూసుకుపోయి, ఎగువన పొలాలు వరద రాకుండానే మునగడం మొదలైంది.

అలాగని ప్రభుత్వం ఊరకే కూర్చుంది అనడానికి లేదు. కాగితాలు కదులుతూనే ఉన్నాయి. 1982లో కొల్లేరు అభివృద్ధి కమిటీ ఏర్పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యం చేయాలనే ఉద్దేశాన్ని ప్రకటిస్తూ 1995 సెప్టెంబరులో జీవో 76 వచ్చింది. ఆ చట్టం ప్రకారం కలెక్టరు జనం హక్కులు, అభ్యంతరాలు విచారించాలి. అది అయ్యాక 1999 అక్టోబరు 4న జీవో 120 ద్వారా ప్లస్ అయిదు కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. దాని మీద దావాలు నడిచాయి. 2001లో హైకోర్టు ప్రభుత్వ ప్రకటనను సమర్థించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల రక్షణకు దేశాలు కుదుర్చుకున్న ఒడంబడిక అది. మన దేశం 1982లో చేరింది. ఆ జాబితాలో కొల్లేటి విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లుగా ఉంది. అంటే అంతర్జాతీయ కాగితంలో ప్లస్ పది, రాష్ట్ర గెజెట్‌లో ప్లస్ అయిదు, నేల మీద చూస్తే చెరువు గట్లు.

కోర్టుల చుట్టూ తిరిగి కొల్లేటిని బతికించాలని పాటుపడిన వారిలో కథారచయిత తల్లావఝల పతంజలి శాస్త్రి గారిని ముందు చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన కేంద్ర సాధికార కమిటీ విషయం పరిశీలించి, అభయారణ్యంలోని చెరువులన్నీ తొలగించాలని సిఫారసు చేసింది. 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఆ మేరకు ఆదేశించింది. అప్పటికే, ఫిబ్రవరిలోనే, వై.యస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం పని మొదలుపెట్టింది. దానికే ‘ఆపరేషన్ కొల్లేరు’ అని పేరు వచ్చింది. జూన్ నాటికి ముగించారు.

ఆ నాలుగైదు నెలలు నా ఉద్యోగ జీవితంలో చూడనిది చూశాను. రెండు జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు, అటవీ అధికారులు, ఇంజనీర్లు, మత్స్యశాఖ వారు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. సర్వే వారు కాంటూరు గుర్తిస్తే, రెవెన్యూ వారు నంబర్లు సరిచూసి, అదే రోజు యంత్రం గట్టు మీదికి వెళ్ళేది. పొక్లెయిన్ పోలేని చోట మందుగుండు పెట్టి పేల్చారు. నా వంతు పని చిన్నదే. సాయంత్రానికి ఏ గ్రామంలో ఎన్ని గట్లు తెంచారో ప్రొఫార్మాలో నింపి పైకి పంపడం. పదకొండు నెలలు తిరిగిన అర్జీ చేసిన చేతులతోనే, పదకొండు గంటల్లో జవాబు వచ్చే ఫైళ్ళు కూడా చేశాను. మనుషులు వారే, శాఖలు అవే. కోర్టు గడువు ఒకటి, పై నుంచి వచ్చిన మాట ఒకటి, అందరూ ఒకే మ్యాపు చూడడం ఒకటి. తేడా అంతే.

జూన్ దాటాక వానలు పడ్డాయి. తెంచిన గట్ల మీదుగా నీరు నీటితో కలిసింది. ఎన్నో ఏళ్ళ తరువాత కొల్లేరు కొల్లేరులా కనిపించింది.

ఇంత చెప్పి, నష్టపోయినవారి మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. దొడ్డిదారిన వచ్చిన పెట్టుబడిదారు ఒక్క చెరువు పోతే మరోచోట తవ్వుకున్నాడు. సంఘం చెరువు మీదే బతికే వడ్డెల, దళితుల కుటుంబాలకు ఆ దారి లేదు. చెరువులు కొట్టినంత వేగంగా బతుకుదెరువు చూపే పని జరగలేదు. ఎందరో కూలి పనులకు వలస పోయారు. అభయారణ్యం గీత లోపల సుమారు 15 వేల ఎకరాలు జిరాయితీ పట్టా భూములు. వాటికి నష్టపరిహారం ఇచ్చి తీసుకుంటామన్న మాట ఏళ్ళ తరబడి మాటగానే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఒక లంక వృద్ధుడు మా ఆఫీసుకు వచ్చి అడిగిన ప్రశ్న నేను మరువలేను. “గుమాస్తా గారూ, నేలకి పట్టా ఇచ్చారు, చెరువుకి లీజు ఇచ్చారు. మా తాతలు బతికింది ఉత్త నీళ్ళ మీదండి. ఆ నీళ్ళకి మాకు కాగితం ఎవరిస్తారండి?” ఏ శాఖ దగ్గరా అలాంటి ఫారం లేదు. ఆపరేషన్‌లో కూర్చున్న బల్ల దగ్గర సాంఘిక సంక్షేమానికి, బ్యాంకులకు కూడా ఒక కుర్చీ వేసి ఉంటే కథ వేరుగా ఉండేదని నా అభిప్రాయం. అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ నవల చదివిన మన సభ్యులకు ఆ మనుషుల సంగతి నేను చెప్పనక్కరలేదు.

బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఎవరి ఆఫీసుకు వారు వెళ్ళారు. కలెక్టర్లు బదిలీ అయ్యారు. 2008 సెప్టెంబరులోనే అభయారణ్యం హద్దును ప్లస్ అయిదు నుంచి ప్లస్ మూడుకు తగ్గించమని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. అన్ని పార్టీలూ ఏకమైన అరుదైన సందర్భం అది! 2010లో కేంద్ర పర్యావరణ శాఖ అజీజ్ గారి నాయకత్వంలో కమిటీ వేసింది. వారు గ్రామాలు తిరిగి, అందరి మాటా విని, హద్దు తగ్గించవద్దన్నారు. జిరాయితీ భూముల వారికి న్యాయం చేయాలని కూడా చెప్పారు. హద్దు తగ్గలేదు, భూసేకరణ జరగలేదు. ఈ రెంటి మధ్య సందులో గట్లు మళ్ళీ లేచాయి. రాత్రిపూట యంత్రం నడిస్తే ఎవరి డ్యూటీ? మళ్ళీ పాత ప్రశ్నే.

ఇక్కడ మన ఉత్తరపు పొరుగువారి సంగతి చెప్పాలి. ఒడిశాలోని చిలికా సరస్సు మనకన్నా ముందే 1981లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అదీ పాడైంది. సముద్రపు మూతి ఇసుకతో పూడి, ఉప్పునీరు తగ్గి, చేప తగ్గి, కలుపు పెరిగింది. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న సరస్సుల పట్టికలో పెట్టారు. అయితే అంతకు ముందే 1991లో ఒడిశా ప్రభుత్వం చిలికా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. అన్ని శాఖలూ పాలకమండలిలో ఉంటాయి. సరస్సు మొత్తానికి ఒక ఆఫీసు, ఒక బడ్జెట్, ఒక మ్యాపు. వారు పైన ఏరుల వాలులో మట్టి కోత తగ్గించే పని చేపట్టి, 2000 సెప్టెంబరు 23న సముద్రానికి కొత్త మూతి తెరిచారు. చేపల దిగుబడి కొన్ని రెట్లు పెరిగింది. 2002లో ప్రమాద పట్టిక నుంచి దాని పేరు తీసేశారు. అదే ఏడు రామ్‌సర్ పురస్కారం కూడా వచ్చింది. మన కొల్లేరు జాబితాలో చేరిన ఏడు, వారు పరీక్ష గట్టెక్కి బహుమతి తీసుకున్న ఏడు ఒకటే. చిలికాలోనూ రొయ్యల ఆక్రమణలు ఉన్నాయి, తగాదాలు ఉన్నాయి. స్వర్గమేం కాదు. కాని అక్కడ అర్జీ పెట్టుకోవడానికి ఒక తలుపు ఉంది.

మనకు ఒకసారి పొక్లెయిన్లు వచ్చాయి. వారికి ప్రతి ఉదయం పదిన్నరకు తెరుచుకునే ఆఫీసు ఉంది. నా అనుభవంలో రెండోదే నెగ్గుతుంది. యంత్రం ఎంత పెద్దదైనా అద్దె గడువు తీరగానే వెళ్ళిపోతుంది. హాజరుపట్టీ అలా కాదు.

కొల్లేరు మూసుకుపోతే లంకలవాళ్ళకే కదా నష్టం అనుకునే పట్టణవాసులకు 2024 సెప్టెంబరు 1 జవాబు చెప్పింది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. మన సంఘ సభ్యుల ఇళ్ళు కూడా మునిగాయి. పెన్షన్ పుస్తకాలు, సర్వీసు కాగితాలు తడిసిపోయినవారు ఉన్నారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు, అక్కడినుంచి కృష్ణలోకి మళ్ళింపు కాలువ ఉన్నా, గట్లకు గండ్లు పడితే నీరు పాత దారినే పడుతుంది. పాత దారి అంటే బుడమేరు, దాని చివర కొల్లేరు. బుడమేరు ఒడ్డు వెంబడి ఇళ్ళు, కొల్లేట్లో గట్లు, ఉప్పుటేట్లో పూడిక. పైనుంచి కిందిదాకా ఒకే నీటికి మూడు చోట్ల గొంతు బిగిసింది. ఆ మూడు చోట్లా మూడు వేర్వేరు ఫైళ్ళు.

కొన్ని మంచి సంగతులూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి కైకలూరు వైపు మండలాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. సరస్సులో చాలాభాగం ఇప్పుడు ఒక్క కలెక్టరు కిందికి వచ్చింది. కొల్లేటిని దృష్టిలో పెట్టుకుని చేసినట్టు లేదు గానీ ఫలితం మాత్రం మేలే. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ వారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెడితే గూడబాతులు వాటి మీదే గూళ్ళు కట్టుకుని పిల్లల్ని చేస్తున్నాయి. చెట్టు లేకపోతే ఇనుము మీదైనా సరే అన్నాయి. మనవాళ్ళు చలికాలంలో మనుమలను తీసుకుని వెళ్ళి చూడదగ్గ చోటు. పడవ సౌకర్యం ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కేటప్పుడు జాగ్రత్త.

2006 నాటి ఆదేశం అమలు విషయం మళ్ళీ సుప్రీంకోర్టుకు చేరింది. తిరిగి లేచిన ఆక్రమణలను తొలగించాలని 2025లో రాష్ట్రానికి కోర్టు గట్టిగా చెప్పింది. కేంద్ర సాధికార కమిటీ వచ్చి లంకల్లో జనం మొర విన్నది. ప్లస్ అయిదు గీత నేల మీద ఎక్కడెక్కడ వెళుతుంది, దాని లోపల ఎవరి పట్టా ఎంత అన్నది తేల్చనిదే ఏ పనీ సాగదు. దానికి పాత ఎఫ్.ఎం.బి.లు, అడంగళ్ళు, 1976 నాటి సంఘాల చెరువుల పటాలు, డ్రెయిన్ల అసలు వెడల్పులు కావాలి. అవి ఏ బీరువాలో ఉన్నాయో, ఏవి 1985 బదలాయింపుల్లో గల్లంతయ్యాయో తెలిసినవారు ఇప్పుడు ఆఫీసుల్లో లేరు. పెన్షను తీసుకుంటూ మన సంఘంలోనే ఉన్నారు. నీటిపారుదల, మత్స్య, సహకార, అటవీ, సర్వే శాఖల్లో కొల్లేటి వైపు పనిచేసిన సభ్యులు తమకు గుర్తున్న గ్రామాల పేర్లు, పనిచేసిన సంవత్సరాలు, చూసిన రికార్డుల వివరాలు ఒక కాగితం మీద రాసి సంఘం కార్యదర్శి గారికి పంపితే, శాఖలవారీగా కాకుండా గ్రామాలవారీగా వాటిని పేర్చే పని నేను చేస్తాను. చేతి వ్రాత ఎలా ఉన్నా ఫరవాలేదు, చదవడం నాకు అలవాటే.